ఓడమీద దీవుల యాత్ర



ఓడ యెక్కి ఒక దీవినుండి మఱియొక దీవికి పోవుచు, ప్రతి రేవునందును దిగి చూడదగిన వానిని చూచుచు, తిరిగి ఓడ యెక్కి ముందునకు సాగుటకు ద్వీపయాత్ర యని పేరు. నేటికాలమున ఇట్టి యాత్రలు పెక్కు జరుగుచున్నవి. పట్టణములలో ఉద్యోగములు చేయుచున్న బిడ్డలు తల్లిదండ్రులను గూడ వెంటబెట్టుకొని పోవలెనని ముచ్చటపడుచున్నారు. పెద్దలు మాత్రము “ఈ వయస్సున మాకు సముద్రమేల? అది ఈతగాండ్రకును, పడుచువారికిని తగినది. మేము అచ్చటికి వచ్చి చేయవలసినదేమున్నది?” అని వెనుకాడుచున్నారు. ఆ ప్రశ్నకే నేడు సమాధానము చెప్పబూనితిని. ఉదాహరణముగా అండమాను దీవులను తీసికొనెదను. వానికి విశాఖపట్టణపు రేవునుండియే ఓడ కలదు; పరదేశపు అనుమతిపత్రముతో పని లేదు; దిగినచోట తెలుగు మాట వినబడును. మన యాత్రకు ఇంతకంటె అనుకూలమైన దీవులు వేఱొకటి లేవు.

ముందుగా శాస్త్రమునుగూర్చి యొక మాట. మన పెద్దలలో కొందఱికి సముద్రయానము నిషిద్ధమను శంక నేటికిని మనస్సునం దొక మూల నుండును. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనీయములలో చేర్చిన మాట నిజమే. కాని ఆ సూత్రకారుడే ఉత్తరదేశస్థుల ఆచారములను లెక్కించునపుడు అందులో సముద్రయానమును గూడ పేర్కొనినాడు. అనగా ఆ కాలమున సైతము ఓడలెక్కువారు ఉండిరనియే గదా అర్థము. మన తెలుగుదేశపు చరిత్ర చూడుడు. శాతవాహన ప్రభువైన యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెములపై రెండు కొయ్యల ఓడబొమ్మను ముద్రింపించెను. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవునం దొక శాసనము వేయించి, సముద్రముమీద వచ్చిపోవు వర్తకులకు అభయమిచ్చెను. కళింగపట్టణము, భీమునిపట్టణము, కోరంగి, మచిలీపట్టణము అను రేవులు ఓడల వలననే వృద్ధిపొందినవి. కాబట్టి సముద్రము మనకు క్రొత్తది కాదు. మఱచిన చుట్టరికమును తిరిగి పలుకరించుటయే.

ఇక దీవుల ఉనికి. బంగాళాఖాతమునకు తూర్పువైపున, ఉత్తర అక్షాంశము 6 మొదలు 14 భాగల మధ్యను, దక్షిణోత్తరముగా ఒక దండవలె ఈ దీవులు పఱచుకొని యున్నవి. రాతితిప్పలతో సహా లెక్కించినచో 836. వానిలో జనులు నివసించునవి నలుబదికి లోపే. ఉత్తరపు గుంపునకు అండమానులనియు, దక్షిణపు గుంపునకు నికోబారులనియు పేర్లు. రాజేంద్రచోళుని ప్రశస్తిలో కనబడు మానక్కవారమే నికోబారు. నికోబారులకు పోవుటకు ప్రత్యేకానుమతి కావలెను. మన యాత్ర అండమానుల వఱకే. ముఖ్యనగరము పేరు పూర్వము పోర్టుబ్లెయిరు. 2024వ సంవత్సరమున దానికి శ్రీవిజయపురమని పేరు మార్చిరి.

విశాఖపట్టణమునుండి శ్రీవిజయపురమునకు సుమారు 1200 కిలోమీటర్ల దూరము. ఓడ గంటకు ఇరువది కిలోమీటర్లకు కొంచెము మీఱి నడచును. గనుక రెండున్నర దినములు పట్టునని యెంచుకొనుడు. గాలి ఎదురైనచో మూడు దినములగును. ఓడలు తఱచుగా బయలుదేరవు, తేదీలును మాఱుచుండును. ముందుగా విచారించుకొనియే ఇల్లు కదలవలెను. చెన్నపట్టణమునుండియు, కలకత్తానుండియు గూడ ఓడలు కలవు. అంతకాలము నీటిమీద నుండలేనివారు విమానమున పోయి, అచ్చటి దీవులమధ్య మాత్రమే ఓడలమీద తిరుగవచ్చును. మార్గశిరము మొదలు చైత్రము వఱకు యాత్రకు అనువైన కాలము. వైశాఖము దాటినపిమ్మట నైరృతి ఋతుపవనముతో వానయు గాలియు హెచ్చి, సముద్రము కల్లోలముగా నుండును. దీవుల మధ్య పడవలు నిలిచిపోవుటయు కలదు.

ప్రయాణపు సన్నాహమునందు పెద్దలు గమనింపవలసినవి కొన్ని కలవు. ప్రతిదినము పుచ్చుకొను మందులను, యాత్రాదినములకంటె పది దినములకు ఎక్కువగా ఉండునట్లు తీసికొని, పెట్టెలో గాక చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. ఓడ ఆలస్యమైనను దీవిలో ఆ మందు దొరకకపోయినను అపాయము లేకుండును. గుర్తింపుపత్రమును మఱువరాదు. తడిసిన మెట్లమీద జాఱని చెప్పులు, తలకు గుడ్డ, చేతికఱ్ఱ అవసరములు. ఓడలో భోజనశాల యుండును. అయినను మనవారికి చవిచెడిన నోటికి హితవుగా ఉండుటకై వేపుడు అటుకులు, శొంఠిపొడి, నిమ్మకాయ ఊరుగాయ ఇంటినుండి తీసికొనిపోవుట మేలు. పడకకు బంకులును, గదులును వేఱువేఱు వెలలకు దొరకును. మోకాళ్ళ నొప్పులవారు క్రిందిబంకునే కోరి పుచ్చుకొనవలెను.

ఓడ యెక్కిన తరువాత మొదట చేయవలసిన పని వినోదము కాదు. ప్రాణరక్షణకు సంబంధించిన చొక్కాలెచ్చట నున్నవో, మన గదినుండి పైతట్టునకు త్రోవ ఏదో స్వయముగా నడచి చూచుకొనవలెను. ఓడవారు ఆ విషయము చెప్పునపుడు ముచ్చట్లాడక వినవలెను. చీకటిలోను పొగలోను త్రోవ వెదకుకొనుటకు, పగటివేళ ఒకమాఱు నడచిన జ్ఞాపకము ఎంతయో సాయపడును.

రెండవది సముద్రపు వికారము. దీనికి పెద్దలు మిక్కిలి భయపడుదురు. కారణము తెలిసినచో భయము సగము తగ్గును. మన చెవి లోపలిభాగమున దేహము ఊగుటను తెలుపు సూక్ష్మేంద్రియ మొకటి కలదు. గదిలో కూర్చున్నపుడు కన్ను “గోడ కదలుట లేదు” అని చెప్పును. చెవి “దేహము ఊగుచున్నది” అని చెప్పును. ఈ రెండు సాక్ష్యములకు పొత్తు కుదరక మెదడు తికమకపడును, అదియే వికారము. కనుక పైతట్టునకు వచ్చి, ఆకాశమును సముద్రమును కలియుచోటనే దృష్టి నిలిపినచో కంటిసాక్ష్యమును చెవిసాక్ష్యమును ఏకమగును. ఓడ నడుమభాగమున ఊపు తక్కువ. ముందుకొనయందును వెనుకకొనయందును ఎక్కువ. కడుపు నిండుగా తినరాదు, పస్తును ఉండరాదు. శొంఠి కొందఱికి మేలుచేయును. మాత్రలు కావలసినవారు వైద్యునడిగి, ఓడ కదలుటకు ముందే పుచ్చుకొనవలెను. వాంతి మొదలైన తరువాత ప్రయోజనము స్వల్పము.

రెండుమూడు దినములు నీటిమీద ఊరక కూర్చుండి ఏమి చేయవలెనందురా? ఆకాశమే గొప్ప పాఠశాల. ధ్రువనక్షత్రము క్షితిజమునకు ఎన్ని భాగల యెత్తున కనబడునో, ఆ చోటి అక్షాంశము సుమారుగా అన్ని భాగలు. విశాఖపట్టణమున ధ్రువుడు పదునెనిమిది భాగలకు కొంచెము తక్కువ యెత్తున నుండును. శ్రీవిజయపురమున పండ్రెండు భాగలకు కొంచెము తక్కువ. అనగా రెండు మూడు రాత్రులలో ధ్రువుడు ఆఱు భాగలు క్రిందికి దిగును. చేయి చాచి పిడికిలి బిగించినచో దాని వెడల్పు సుమారు పది భాగలు. మొదటిరాత్రి ధ్రువుడు క్షితిజమునకు రెండు పిడికిళ్ళకు కొంచెము తక్కువ యెత్తున నుండగా, చివరిరాత్రి ఒక పిడికిలికి కొంచెము మాత్రమే పైగా నుండును. ఉత్తరమున ధ్రువుడు దిగినంత దక్షిణమున అగస్త్యుడు ఎక్కును. మాఘ ఫాల్గుణములలో రాత్రి తొమ్మిదిగంటల ప్రాంతమున అగస్త్యనక్షత్రమును చూచి మీరే పోల్చుకొనుడు. భూమి గుండ్రనిదని పుస్తకమున చదువుట వేఱు, పిడికిలితో కొలిచి తెలిసికొనుట వేఱు.

పగటివేళ ఎదురుగా వచ్చు ఓడలను చూడుడు. మొదట కొయ్యకొన, తరువాత పైకట్టడము, కడపట ఓడ యడుగు కనబడును. నీటిమట్టమునకు పదునైదు మీటర్ల యెత్తున నిలుచున్నవానికి క్షితిజము సుమారు 14 కిలోమీటర్ల దూరమున నుండును; దానికి ఆవలనున్న ఓడ అడుగును భూమివంపు మఱుగుపఱచును. తీరమున మట్టిరంగుగా నున్న నీరు క్రమముగా ఆకుపచ్చనై, లోతు హెచ్చినకొలది కాటుకవలె నల్లనగుటయు గమనింపదగినది. ఓడ అలలను చీల్చునపుడు ఎగురు చేపలు వెండిరేకులవలె లేచి, నీటిమీద దూరము పోయి పడును.

కాలవిషయమున ఒక వింత కలదు. మన గడియారము లన్నియు తూర్పు రేఖాంశము 82½ భాగలనుబట్టి నడచుచున్నవి. సూర్యుడు ఒక భాగ దాటుటకు నాలుగు నిమిషములు పట్టును. శ్రీవిజయపురము విజయవాడకు పండ్రెండు భాగలు తూర్పున నున్నది. కాబట్టి అచ్చట మధ్యాహ్నము మనకంటె సుమారు 48 నిమిషములు ముందు వచ్చును. మార్గశిరమాసమున సాయంకాలము అయిదుగంటలకే సూర్యాస్తమయమగును. సంధ్యావందనము చేయువారు గడియారమును గాక సూర్యునే చూచుకొనవలెను. యాత్రికులందఱును దీనినిబట్టియే దినచర్య నేర్పఱచుకొనవలెను: తెల్లవాఱుజామున బయలుదేరి, మధ్యాహ్నపుటెండలో విశ్రమించి, నాలుగు గంటలకు మఱల తీరమునకు పోవలెను. అయిదుగంటలకు పోయినవారికి చీకటియే దొరకును.

శ్రీవిజయపురమున దిగినపిమ్మట మొదట దర్శింపవలసినది చెఱసాల. ఇది వినోదస్థలము కాదు, తీర్థస్థలము. 1857 తిరుగుబాటు అణగిన పిమ్మట, 1858 మార్చినెలలో ఇంగ్లీషువారు తొలి ఖైదీల నిచ్చటికి తెచ్చిరి. నేడు కనబడు సెల్యులార్ జెయిలును 1896 మొదలు 1906 వఱకు కట్టించిరి. నడుమ ఒక గోపురము, దానినుండి బండిచక్రపు ఆకులవలె ఏడు మూడంతస్తుల వరుసలు, సుమారు 700 గదులు, గదికొక్క మనిషి. ఒక వరుస ముందుభాగము మఱియొక వరుస వెనుకభాగమునకు ఎదురగునట్లు కట్టుటచేత, ఏ ఖైదీకిని మఱియొక ఖైదీ ముఖము కనబడదు. గానుగకు ఎద్దులకు మాఱుగా మనుష్యులను కట్టిరి. ఏడు వరుసలలో నేడు మూడు నిలిచియున్నవి. 1979వ సంవత్సరమున దీనిని జాతీయస్మారకముగా ప్రకటించిరి.

ఇందు తెలుగువారికి ప్రత్యేకమైన బాధ్యత యొకటి కలదు. 1922 మొదలు 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నడపిన రంప పితూరీలో పట్టువడిన మన్యపువారిలో కొందఱు ఈ దీవులకు పంపబడిరి. కాకినాడ బాంబు కుట్రకేసున శిక్షింపబడిన ప్రతివాది భయంకరాచారియు ఈ చెఱసాలలో నుండెను. పేరున్నవారి కథలు పుస్తకములకెక్కినవి. కొండలలో పుట్టి, సముద్రమెన్నడును చూడనివారు, చేతులకు గొలుసులతో ఈ నల్లనీళ్ళు దాటి వచ్చి, తెలుగు మాట వినబడని చోట ఎట్లు కాలము గడపిరో తలచుకొనుడు. గోడమీది ఫలకముల యందలి పేర్లను పిల్లలచేత బిగ్గఱగా చదివింపుడు. ఒక గదిలోనికి ఒంటరిగా పోయి, తలుపు చేరవేసికొని, అయిదు నిమిషములు నిలువుడు. ఆ పని పడుచువారికంటె పెద్దలే బాగుగా చేయగలరు. సాయంకాలము అచ్చట దీపములతోను మాటలతోను ఆ చరిత్రను చెప్పు ప్రదర్శనము జరుగును. అందున్న మెట్లు నెమ్మదిగా ఎక్కదగినవి.

నగరమునకు ఎదురుగా చిన్నపడవలో కొద్దిసేపటిలో చేరదగిన దీవి యొకటి కలదు. దానికి పూర్వము రాస్ దీవి యని పేరు. 2018వ సంవత్సరము డిసెంబరులో నేతాజీ సుభాస్‌చంద్రబోసు ద్వీపమని పేరిడిరి. ఎనుబదియేండ్లకు పైగా ఇంగ్లీషు అధికారులు ఇచ్చటనుండియే దీవులన్నింటిని ఏలిరి. నాట్యశాల, దేవాలయము, రొట్టెల అంగడి, టెన్నిసు ఆటస్థలము, అన్నియు ఇచ్చట నుండెడివి. 1941 జూనునెలలో భూకంపము వచ్చెను. 1942 మార్చిలో జపానువారు దీవులను పట్టుకొనిరి. నేతాజీ 1943 డిసెంబరు 30వ తేదీన శ్రీవిజయపురమున త్రివర్ణపతాక మెత్తెను. నేడా భవనములమీద మఱ్ఱిజాతి చెట్లు లేచి, వాని వేళ్ళు ఇటుకగోడలను పాములవలె చుట్టుకొని యున్నవి. జింకలును నెమళ్ళును నిర్భయముగా తిరుగుచున్నవి. ఐశ్వర్యము అనిత్యమని వేయి శ్లోకములు చెప్పనేల? ఈ గోడల నడుమ పది నిమిషములు కూర్చున్న చాలును.

ఇక దీవినుండి దీవికి పోవుట. ప్రభుత్వపు పడవలును, ప్రైవేటు పడవలును రెండు విధములవి కలవు. ప్రభుత్వపు పడవ మెల్లగా పోవును గాని పైతట్టున గాలికి నిలుచుండి దీవులను చూచుచు పోవచ్చును. వేగపు పడవలలో తలుపులు మూసికొని కూర్చుండవలెను. పెద్దలకు మొదటిదియే మేలని నా యభిప్రాయము. రెండుగంటలు మొదలు రెండున్నర గంటలలో స్వరాజ్ ద్వీపము చేరును. దీని పూర్వనామము హేవ్‌లాకు. దేశవిభజనమున ఇల్లు వాకిళ్ళు కోల్పోయిన తూర్పు బంగాళపు జనులకు 1950 తరువాతి సంవత్సరములలో ఇచ్చట భూములిచ్చిరి. వారు అడవిని కొట్టి ఊళ్ళు వేసికొని గోవిందనగరము, విజయనగరము, శ్యామనగరము, కృష్ణనగరము, రాధానగరము అని పేర్లు పెట్టుకొనిరి. వెంట తెచ్చుకొనుటకు ఏమియు మిగులనివారు దేవుని పేరును మాత్రము తెచ్చుకొనిరి. రాధానగరపు తీరము పడమటివైపున నున్నది. సూర్యాస్తమయమును అచ్చట చూడవలెను. కాలాపత్తరు తీరము తూర్పువైపున నున్నది. ఉదయమునకు అచ్చటికి పోవలెను. అమావాస్యకు దగ్గఱి చీకటిరాత్రులలో కొన్ని చోట్ల నీటిని చేతితో కదపినచో నీలికాంతి మెఱయును. అది దయ్యమును కాదు, మాయయు కాదు; కంటికానని సూక్ష్మజీవులు కదలికకు వెలిగించు కాంతి. దానిని చూడగోరువారు పంచాంగము చూచి బయలుదేరుడు; పూర్ణిమనాడు వెన్నెలలో అది కానరాదు.

అచ్చటికి సుమారు గంట ప్రయాణమున షహీద్ ద్వీపము, పూర్వనామము నీలు. ఈ చిన్న దీవి ఊళ్ళ పేర్లు వినుడు: సీతాపురము, భరతపురము, లక్ష్మణపురము, రామనగరము. రామాయణమంతయు ఒక దీవిలో కాపురమున్నది. ఇచ్చటి రైతులు పండించు కూరగాయలు నగరమునకు పోవును. మన పెద్దలకు ఇచ్చట చేయదగిన పని, ఒక రైతు తోటగట్టున కూర్చుండి నేలనుగూర్చి, నీటినిగూర్చి అడుగుట. చిన్న దీవులలో వానద్వారా దిగిన మంచినీరు, భూగర్భమునందలి ఉప్పునీటిమీద తేలియుండును. మితిమీఱి తోడినచో క్రిందినుండి ఉప్పు పైకి వచ్చును. మన కోస్తాగ్రామములలో నూతులు చెడినవారికి ఈ మాట వివరింపనక్కఱలేదు. కనుక బసలో స్నానమునకు వాడు నీటిని సైతము లెక్కగా వాడవలెను.

ఈ దీవి యొడ్డున అలలు తొలిచిన రాతితోరణ మొకటి కలదు. సముద్రము పాటున నున్నపుడే, అనగా నీరు దిగినపుడే, రాళ్ళమీదుగా నడచి దానిని చేరవచ్చును. దినమునకు రెండు పోటులు, రెండు పాటులు. ప్రతిదినమును సుమారు 50 నిమిషములు వెనుకబడుచుండును. దీనికి కారణము చంద్రుడు. కనుకనే ఒకచోట ఒకే తిథినాడు పోటు సుమారుగా ఒకే వేళకు వచ్చును. అమావాస్యా పూర్ణిమలయందు సూర్యచంద్రుల ఆకర్షణములు కలియుటచేత పోటు మిక్కిలి పొంగును, పాటు మిక్కిలి దిగును. తోరణమును చూచుటకు అవి మంచి దినములు. కాని నీరు తిరిగి వచ్చుటయు వేగముగా నుండును. స్థానికుని వేళ అడిగి పోవలెను. అతడు తిరుగుమన్నపుడు తిరుగవలెను. నాచుపట్టిన రాళ్ళు జాఱును గనుక, కాళ్ళు గట్టిగాలేనివారు ఒడ్డుననుండియే చూచుట మంచిది.

ఈత రానివారికి పగడపు తోటలు చూచు భాగ్యము లేదనుకొనవలదు. శ్రీవిజయపురమునకు దగ్గఱనున్న వండూరు రేవునుండి మహాత్మాగాంధీ సముద్రోద్యానమునకు పడవలు పోవును. ఇది 1983వ సంవత్సరమున ఏర్పడినది. ఇందు పదునైదు దీవులు కలవు. గాజు అడుగు గల పడవలో కూర్చుండి క్రిందికి చూచినచో పగడపు పొదలును, పంచవన్నెల చేపలును కనబడును. పగడము రాయి కాదు, చెట్టును కాదు. గోరంతయైనను లేని జీవులు వేలకొలది చేరి, తమచుట్టు సున్నపుగూడు కట్టుకొనుచు పోగా ఏర్పడిన కాపురము. పెద్ద బండపగడములు ఏటికి ఒక సెంటీమీటరు పెరుగుటయే గొప్ప. మనము కుజగ్రహమునకై ఉంగరమున ధరించు ఎఱ్ఱపగడము వేఱుజాతిది. అది ముఖ్యముగా మధ్యధరాసముద్రమునుండి వచ్చును. ఇచ్చటి పగడజీవుల దేహములలో సూక్ష్మమైన నాచు నివసించి వానికి ఆహార మిచ్చును. నీరు మితిమీఱి వేడెక్కినచో ఆ నాచు విడిచిపోవును. పగడము తెల్లబడి, ఆ వేడి కొనసాగినచో చచ్చును. 1998లోను, 2010లోను అండమానులలో ఇట్లు జరిగెను. మనుమడు ఈనాడు కాలితో విఱిచిన కొమ్మ, వాని మనుమనినాటికిని తిరిగి పెరుగక పోవచ్చును. ఈ మాటను వానికి పడవ దిగకముందే చెప్పవలసినది మీరే.

ఇంతవఱకు చేయదగినవి చెప్పితిని. చేయరానివి నాలుగు కలవు.

మొదటిది: పగడపు ముక్కనుగాని, నిషిద్ధమైన గవ్వలను శంఖములనుగాని తీరమునుండి తీసికొని రాకూడదు. చట్టము శిక్షించును. పూజకు శంఖము కావలసినచో అనుమతిగల అంగడిలో రసీదుతో కొనుడు.

రెండవది: ప్లాస్టికు సీసాలను దీవులలో విడువరాదు. జాలీబాయి దీవికి అట్టి సీసాలను తీసికొనిపోవుటకే అనుమతి లేదు. మన మఱచెంబే మేలు.

మూడవది: నీటిలోనికి దిగుటకు ముందు తీరపు హెచ్చరికలను చదువవలెను. ఈ దీవుల వాగులలోను, మడ అడవులలోను ఉప్పునీటి మొసళ్ళు కలవు; కొన్ని తీరములకును వచ్చుచుండును. కావలివారు ఈల వేసినపుడు “మేము గోదావరిలో ఈదినవారము” అని వాదింపరాదు. గోదావరి వేఱు, ఇది వేఱు.

నాల్గవది మిక్కిలి ముఖ్యమైనది. ఈ దీవులకు మనకంటె వేలయేండ్లకు ముందునుండి యజమానులైనవారు కలరు. గ్రేట్ అండమానీయులు, ఓంగేలు, జారవాలు, సెంటినెలీయులు అని వారి తెగలు. 1956వ సంవత్సరపు రక్షణశాసనము ప్రకారము వారి ప్రదేశములలో అనుమతిలేక ప్రవేశింపరాదు. బారటాంగు దీవియందలి సున్నపురాతి గుహలకు పోవు రోడ్డు జారవాల అడవిగుండ పోవును. అచ్చట బండి నిలుపరాదు, తినుబండారము లీయరాదు, బొమ్మ తీయరాదు. మనకు జలుబు తెచ్చు రోగమే, దానికి అలవాటుపడని వారికి మృత్యువు కావచ్చును. ఇంగ్లీషువారు దిగిన తరువాత గ్రేట్ అండమానీయులలో పెక్కుమంది ఇట్టి క్రొత్తరోగములవలననే నశించిరి. అతిథి యింటివారి కోరిక నెఱిగి మెలగవలెనని మన ధర్మము. వారు కోరినది ఒంటరితనమైనచో, దాని నిచ్చుటయే వారికి మనము చేయు మర్యాద.

చివరకు తెలుగువారి మాట. 2011 జనాభా లెక్కలనుబట్టి ఈ దీవులలో నూటికి పదమూడుగురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి చేపలవేటకును, కూలికిని పోయి స్థిరపడినవారు పలువురు. రేవుదగ్గఱ తెలుగు మాట వినబడగానే పలుకరింపుడు. ఏ ఊరివారని అడుగుడు. వారి పిల్లలలో మూడవతరమువారికి తాతగారి ఊరు పేరు మాత్రమే తెలిసియుండవచ్చును. అట్టివారికి మీరు చెప్పు నాలుగు మాటలు, మన పండుగలను గూర్చియు, పంటలను గూర్చియు, ఎంతయో ప్రీతి కలిగించును. ఆ ఊరు మీకు తెలిసినదైనచో, తిరిగి వచ్చినపిమ్మట అచ్చటి బంధువులకు వారి క్షేమసమాచారము చేర్చుడు. ఈ పని ఏ విహారసంస్థయు తన పట్టికలో చేర్చదు.

కాబట్టి పెద్దలారా, ద్వీపయాత్రలో మనకు పని లేదనుట సరికాదు. నక్షత్రములను కొలుచుట, పోటుపాటులను తిథులతో సరిచూచుట, చెఱసాలలో పేర్లు చదువుట, పాడుపడిన గోడలను చూచి ఆలోచించుట, కష్టపడి ఊళ్ళు కట్టుకొన్నవారితో మాటాడుట, మనుమలకు హద్దులు చెప్పుట, ఇవియన్నియు పెద్దలు చేయదగిన పనులు. పడుచువారు ఈదుదురుగాక, వారు ఒడ్డునకు వచ్చి తల తుడుచుకొనునపుడు, తాము ఈదిన నీరు ఎవరెవరు ఏ స్థితిలో దాటి వచ్చిన నీరో చెప్పుటకు ఒకరు ఉండవలెను గదా. బిడ్డలు పిలిచినపుడు కాదనక బయలుదేరుడు. ఆరోగ్యముగా పోయి, చూచి, తిరిగివచ్చి, రచ్చబండమీద కూర్చుండి, పోలేకపోయినవారికి చెప్పుడు.